ఫాండెంట్ కేక్‌కి చెమట ఎందుకు పడుతుంది?

రెండేళ్ల కిందట అక్టోబరులో మా తమ్ముడి కొడుకు రెండో పుట్టినరోజుకి నెల్లూరులో ఇంట్లోనే కేక్ చేశాను. వాడికి ఎద్దులంటే ప్రాణం. అందుకని పడుకున్న ఒంగోలు గిత్త: తెల్లటి ఫాండెంట్ (కేక్ మీద కప్పే చక్కెర ముద్ద) ఒళ్లు, పెద్ద మూపురం, పొట్టి కొమ్ములు, మెడ కింద వేలాడే గంగడోలు, నల్ల గిట్టలు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం ఆరింటికి హాల్లో టేబుల్ మీద పెట్టాం. పది నిమిషాలకి మూపురం మీద సన్నటి నీటి చుక్కలు లేచాయి. ఇంకో పది నిమిషాలకి అవి ఒకదాంట్లో ఒకటి కలిసి మెడ మీదుగా జారాయి. గిట్టల నలుపు తెల్ల కాళ్లకి అంటుకుంది. ఎడమ కొమ్ము వాలిపోయింది. మా మేనత్త దగ్గరికొచ్చి చూసి, "ఏంది పాపా, గిత్తకి చెమటలు పట్టిండాయే!" అంది.

తర్వాత తెలిసినవాళ్లని అడిగితే రెండు రకాల జవాబులొచ్చాయి. "ఫాండెంట్‌ని ఫ్రిజ్‌లో పెట్టనేకూడదు" అని ఒకరు. "మన ఊరి వేడికి ఫ్రిజ్‌లో పెట్టకపోతే లోపల క్రీమ్ ఏం కావాలి?" అని ఇంకొకరు. ఇద్దరూ చేయి తిరిగినవాళ్లే, ఇద్దరి మాటా నిజమే. ఈ థీమ్ కేకులు ఇప్పుడు కావలి, గూడూరు, కందుకూరు దాకా ఇళ్లలో తయారవుతున్నాయి కాబట్టి, ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో విడమరిచి చెప్పుకోవాల్సిందే. దీనికి చక్కెర గురించి కొంచెం, నీళ్ల గురించి ఎక్కువగా తెలియాలి.

## ఫాండెంట్ అంటే అసలు ఏంటి?

ఈ ఒక్క పేరుతో రెండు వేర్వేరు పదార్థాలున్నాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది పోసే ఫాండెంట్. చక్కెర పాకాన్ని 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, కొంచెం చల్లార్చి, తెల్లగా అయ్యేదాకా రుద్దుతారు. మన ఇళ్లలో ఈ పాకానికి థర్మామీటరు అక్కర్లేదు. చల్లనీళ్లలో చుక్క వేస్తే వేళ్లకి మెత్తటి ఉండ వస్తుందే, ఆ ఉండపాకం ఇదే. రుద్దే కొద్దీ చక్కెర కంటికి కనిపించనంత సన్నటి పలుకులుగా మారుతుంది. అందుకే నాలుక మీద గరుకు తగలదు. పెళ్లి సారెలో పెట్టే చక్కెర చిలకలు చూసినవాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు. అక్కడ పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి గట్టిపడనిస్తారు, ఇక్కడ మెత్తగా ఉంచుతారు.

రెండోది ఒత్తే ఫాండెంట్. పుట్టినరోజు కేకుల మీద దుప్పటిలా కప్పేది ఇదే. ఇందులో ఐసింగ్ షుగరే నూటికి 80 పాళ్ల దాకా ఉంటుంది. మిగతావి కొంచెం కొంచెమే, కానీ దేని పని దానిదే. చక్కెర మళ్లీ పలుకులు కట్టకుండా లిక్విడ్ గ్లూకోజ్ అడ్డుపడుతుంది. గ్లిజరిన్ తేమని పట్టి ఉంచుతుంది, ఫాండెంట్ ఎండి చిట్లకుండా కాపాడేది అదే. సాగే గుణం జెలటిన్ వల్లో, మొక్కల నుంచి తీసిన జిగుర్ల వల్లో వస్తుంది. చేతికి అంటుకోకుండా చివర్లో వనస్పతి లాంటి కొవ్వు కలుపుతారు.

జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి, కొన్నిసార్లు చేపల నుంచి తీసేది. శాకాహారులున్న ఇంట్లో, హలాల్ పాటించే ఇంట్లో కేక్ కోసే ముందే తెలియాల్సిన విషయమిది. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద చదరంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. ఇంట్లో మార్ష్‌మాలోలు కరిగించి ఫాండెంట్ చేసుకునేవాళ్లు కూడా ఆ మార్ష్‌మాలోల ప్యాకెట్ చూసుకోవాలి, ఎక్కువ వాటిల్లో జెలటినే ఉంటుంది. దాని బదులు చైనా గ్రాస్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. చైనా గ్రాస్ గడ్డకడుతుంది గానీ సాగదు, ఒత్తేటప్పుడు చిట్లుతుంది. సాగాలంటే గ్వార్, జాంథన్ వంటి జిగుర్లు, లేదా సీఎంసీ అనే పొడి కావాలి.

ఈ సీఎంసీ గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఇది మొక్కల పీచు నుంచి తయారయ్యే పొడి. పావుకిలో ఫాండెంట్‌కి ఒక టీ స్పూన్ కలిపితే, బొమ్మలు చేయడానికి పనికొచ్చేలా బిరుసెక్కుతుంది. ఇంకా గట్టిగా, రేకులా పల్చగా ఒత్తుకునేలా తయారుచేస్తే దాన్ని గమ్ పేస్ట్ అంటారు. కప్పడానికి ఫాండెంట్, బొమ్మలకి సీఎంసీ కలిపిన ఫాండెంట్, పూల రేకులకి గమ్ పేస్ట్. మూడింటికీ ఒకే ముద్ద వాడితే కొమ్ములు వాలడం ఖాయం.

## మన గాలిలో ఎన్ని నీళ్లున్నాయి?

చక్కెరకి నీటిని లాగే గుణం ఉంది. ముసురు రోజున డబ్బా మూత తీసి ఉంచితే చక్కెర ముద్దకట్టడం అందరూ చూసిందే. మామూలు చక్కెర 25 డిగ్రీల దగ్గర గాలిలో తేమ సుమారు 85 శాతం దాటితే తనంతట తానే కరగడం మొదలుపెడుతుంది. గ్లూకోజ్, గ్లిజరిన్ కలిసిన ఫాండెంట్ అంతకంటే తక్కువ తేమకే జిగురెక్కుతుంది. బంగాళాఖాతం పక్కనే ఉన్న మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కూడా తోడవుతాయి కాబట్టి ఆ గీత దాటడం ఇక్కడ మామూలు.

అయితే మా గిత్త మీదికి నీళ్లొచ్చింది ఇలా కాదు. అది మంచు బిందువు పని. ఏ గాలినైనా చల్లబరుస్తూ పోతే ఒక చోట తనలోని తేమని మోయలేక నీళ్లుగా వదిలేస్తుంది. ఆ ఉష్ణోగ్రత పేరే మంచు బిందువు.

లెక్క వేసి చూద్దాం. హాల్లో 30 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకోండి. ఆ గాలికి మంచు బిందువు దాదాపు 25 డిగ్రీలు. ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఫ్రిజ్ నుంచి తీసిన కేక్ 5 డిగ్రీల మీద ఉంది. దానికి ఆనుకున్న గాలి కూడా 5 డిగ్రీలకి దిగితే, ఘనపు మీటరుకి 7 గ్రాములకి మించి మోయలేదు. మిగతా 16 గ్రాములు దిగిపోవాల్సిందే. దిగేది చక్కెర పొర మీద. చల్లటి సోడా సీసాకి బయట చెమట పట్టేదీ ఇందుకే, కాకపోతే సీసా గాజుది కాబట్టి కరగదు.

ఇప్పుడు అదే కేక్‌ని 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న ఏసీ గదిలో తీయండి. అక్కడ మంచు బిందువు 13 డిగ్రీలే. కేక్ పైపొర 13 దాటగానే కొత్త నీళ్లు రావడం ఆగిపోతుంది, వచ్చినవి మెల్లగా ఆరిపోతాయి. అదే హాల్లోనైతే పైపొర 25 దాటేదాకా నీళ్లు వస్తూనే ఉంటాయి. వంటలో ఒక్క అక్షరం మారకపోయినా, గది మారితే కేక్ బతుకుతుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, మన జిల్లాల్లో ఇదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఏసీ గదిలో రోజంతా చక్కగా ఉన్న కేక్‌ని సాయంత్రం మేడ మీదికో, షామియానా కిందికో తీసుకెళ్తారు. కేక్ 24 డిగ్రీల మీద ఉంది, బయట గాలి మంచు బిందువు 25. ఫ్రిజ్ ముఖం చూడని కేక్ కూడా సన్నగా తడి పట్టి మెరుస్తుంది. ఏసీ కారు దిగగానే కళ్లజోడు మసకబారుతుందే, సరిగ్గా అదే.

## ఫ్రిజ్‌లో పెట్టాలా, వద్దా?

ఫాండెంట్‌కి ఫ్రిజ్ అవసరం లేదు. అంత చక్కెరలో సూక్ష్మజీవులకి బతకడానికి చాలినంత నీరు దొరకదు. మామిడి ఆవకాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ చక్కెర చేస్తుంది. వద్దనేవాళ్ల వాదనకి బలం ఇదే.

ఫ్రిజ్ కావాల్సింది లోపలి సరుకుకి. పాల క్రీమ్, కస్టర్డ్, తాజా పండ్ల ముక్కలు, పనీర్ లాంటి చీజ్ ఉంటే నెల్లూరు గది వేడిలో ఎక్కువ సేపు ఉంచడం పిల్లకాయల కడుపుతో ఆడుకోవడమే. కావాలనేవాళ్ల మాట ఇక్కడ నిలుస్తుంది, నిలవాలి కూడా. అందంగా ఉందని పాడైన క్రీమ్ పెట్టలేం.

అంటే వాదన ఫ్రిజ్ గురించి కాదు, ఫాండెంట్ కింద ఏం వేశారన్న దాని గురించి. బటర్‌క్రీమ్, గనాష్ (క్రీమ్, చాక్లెట్ కలిపిన ముద్ద) వంటి చక్కెర, కొవ్వు ఎక్కువున్న పొరలు వేసి, లోపల జామ్ లాంటిది నింపితే ఏసీ గదిలో ఒక రోజు ధైర్యంగా ఉంచొచ్చు. పండ్లు, పాల క్రీమ్ కావాలంటే ఫ్రిజ్ తప్పదు, చెమటని భరించే దారి వెతుక్కోవాలి.

ఆ దారి ఒకటుంది. కేక్‌ని అట్టపెట్టెలో పెట్టి, పెట్టె చుట్టూ క్లింగ్ ర్యాప్ గట్టిగా చుట్టి ఫ్రిజ్‌లో పెడతారు. బయటికి తీశాక పెట్టె విప్పరు. గాలిలోని నీళ్లు ర్యాప్ మీద దిగుతాయి, కేక్ లోపల మెల్లగా వేడెక్కుతుంది. దీనికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ ఏసీ గదిలోనే గడవాలి, లేదంటే చెమట తప్పుతుంది గానీ క్రీమ్ జారిపోతుంది. ఒకవేళ చెమట పట్టేసినా తుడవకూడదు. తుడిస్తే మెత్తబడిన చక్కెర మీద వేలి ముద్రలు, రంగు చారలు మిగిలిపోతాయి. ముట్టుకోకుండా ఏసీలో వదిలేస్తే చాలా వరకు ఆరిపోతుంది, కొంచెం మెరుపు మాత్రం ఉండిపోతుంది.

## కింద పొర ఏది వేశామన్నదే అసలు సంగతి

మన బేకరీల్లో, ఇళ్లలో ఎక్కువ వాడే విప్పింగ్ క్రీమ్ నూనె కొవ్వు, చక్కెర, నీళ్లు కలిపి చేసింది. గిలక్కొడితే తెల్లగా పొంగి అందంగా నిలుస్తుంది. కానీ అందులో నీళ్లు ఎక్కువ. దాని మీద ఫాండెంట్ కప్పితే, చక్కెర ఆ నీటిని కింద నుంచి లాగేస్తుంది. పైన గాలి, కింద క్రీమ్, రెండు వైపులా నీళ్లు. కొన్ని గంటల్లో ఫాండెంట్ మెత్తబడి బరువుకి కిందికి జారి, అడుగున మడతలు పడుతుంది. మా మొదటి గిత్త పొట్ట దగ్గర వచ్చిన ముడతలు ఇవే. ఫ్రిజ్‌లోంచి తీయకముందే ఉన్నాయి, చెమటకి వాటితో సంబంధం లేదు.

బటర్‌క్రీమ్‌లో నీరు తక్కువ, ఫాండెంట్ బాగానే కూర్చుంటుంది. కానీ వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో మన వంటింట్లో మధ్యాహ్నానికే ఆ వేడి ఉంటుంది.

గనాష్ అంటే వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చల్లార్చిన ముద్ద. ఇందులో పాళ్లే ప్రాణం. డార్క్ చాక్లెట్ రెండు పాళ్లకి క్రీమ్ ఒక పాలు అన్నది చాలా వంట పుస్తకాల్లో కనిపించే లెక్క. వేడి ప్రాంతంలో మూడుకి ఒకటి చేస్తేనే నిలుస్తుంది. తెల్ల చాక్లెట్ ఇంకా మెత్తన కాబట్టి దానికి మూడుకి ఒకటి తప్పనిసరి, ఎండాకాలంలో నాలుగుకి ఒకటి చేసేవాళ్లూ ఉన్నారు. అసలు చాక్లెట్‌లో కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కోకో వెన్న బదులు నూనె కొవ్వు వేసి చేసే కాంపౌండ్ చాక్లెట్ ఇంకాస్త వేడికి ఆగుతుంది, రుచిలో మాత్రం కోకో వెన్నతో సాటి రాదు. రుచి ముందా, నిలవడం ముందా అన్నది ఏ నెలలో చేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. డిసెంబరులో నేను అసలు చాక్లెట్ వాడతాను, మేలో కాంపౌండ్‌కే మొగ్గుతాను.

## కిలో కేక్ కాస్తా కిలోముప్పావు ఎందుకవుతుంది?

"కిలో కేకే కదా అడిగాం, రెండు కిలోల డబ్బులేంది?" అన్న గొడవ ఇంటి బేకర్లందరికీ ఎదురయ్యేదే. దీనికి కాగితం మీద లెక్క ఉంది.

6 అంగుళాల గుండ్రటి కేక్, ఎత్తు 4 అంగుళాలు. లోపల పొరలతో కలిపి ఇది సుమారు కిలో తూగుతుంది. దీన్ని ఒకే దుప్పటితో కప్పాలంటే ఎంత వెడల్పు కావాలి? పైభాగం 6, రెండు పక్కలా ఎత్తు నాలుగు నాలుగు, మొత్తం 14. అంచు కత్తిరించడానికి ఒకటి కలిపితే 15 అంగుళాల చక్రం. 3 మిల్లీమీటర్ల మందంలో అది దాదాపు 480 గ్రాములు. కత్తిరించాక కేక్ మీద నిజంగా మిగిలేది 280 గ్రాములు. మిగతా 200 గ్రాములు మళ్లీ ముద్ద చేసి దాచుకోవచ్చు, కానీ కప్పే వేళకి మొత్తం చేతిలో ఉండాలి.

మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లకి పెరిగితే కేక్ మీద 560 గ్రాముల ఫాండెంట్, అంటే అరకిలో చక్కెర. కొత్తగా చేసేవాళ్లు చిరుగుతుందేమోనన్న టెన్షన్‌తో మందంగా ఒత్తుతారు. ఆ బరువుకే అది అంచుల దగ్గర సాగి చిరుగుతుంది. ఇక గనాష్ అరంగుళంలో సగం మందం వేస్తే ఇంకో అరకిలో చిల్లర. కేక్ కిలో, గనాష్ అరకిలో, 3 మిల్లీమీటర్ల ఫాండెంట్ పావుకిలో కలిపితే దాదాపు కిలోముప్పావు.

కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే, తినేది లోపలి కేకే, పైన చక్కెర పొరకి కేక్ ధర ఎందుకివ్వాలన్న ప్రశ్న న్యాయమైనదే. చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఖర్చూ, గంటలూ పోయేది సరిగ్గా ఆ పొర మీదే. తూకంతో కాకుండా, లోపలి కేక్ ఇంత, పైపని ఇంత అని ముందే విడదీసి చెప్పేవాళ్ల దగ్గర ఈ గొడవ రావడం నేను చూడలేదు.

## మూపురం, కొమ్ములు: బొమ్మ నిలబడటం ఎలా?

ఒంగోలు గిత్తకి మూపురమే అందం. ఈ జాతి పశువులే బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోరే అన్న పేరుతో కోట్లలో పెరిగాయి. 1904లో గుంటూరు జిల్లాలో కలిసే ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ పేరు అలా సముద్రాలు దాటింది. ఆ మూపురాన్ని మొత్తం ఫాండెంట్‌తో చేస్తే పావుకిలో ముద్ద కేక్ మీద కూర్చుని అణిచేస్తుంది. కత్తిరించిన కేక్ పొడిలో కాస్త గనాష్ కలిపి ఉండలా నొక్కి, చల్లబరిచి, దాని మీద పల్చగా ఫాండెంట్ కప్పితే బరువు తగ్గుతుంది, తినడానికీ బాగుంటుంది.

గంగడోలు మడతలు తీయడానికి ప్రత్యేకమైన పనిముట్లు అమ్ముతారు. నేను ఉదయగిరి చెక్క చెంచా వాడాను. దాని కాడ చివర నున్నగా, కొంచెం వంపుగా ఉంటుంది. ఫాండెంట్ మీద మెల్లగా ఒరిపిడి పెడుతూ పైనుంచి కిందికి లాగితే, మెడ కింద వదులు చర్మం ఎలా వేలాడుతుందో అలాంటి మడత పడింది. లోహపు చెంచా అయితే అంచు తెగి గాటు పడేది.

కొమ్ములు ముందే చేసి ఎండబెట్టాలి. పొడి దేశాల్లో రాసిన పద్ధతుల్లో "రాత్రంతా ఆరనివ్వండి" అని ఉంటుంది. నవంబరు ముసురులో మా ఇంట్లో పళ్లెంలో పెట్టిన కొమ్ములు మూడో రోజుకీ లోపల మెత్తగానే ఉన్నాయి. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టిన గదిలో రెండు రాత్రులకి గట్టిపడ్డాయి. కొమ్ముని తలకి గుచ్చడానికి టూత్‌పిక్ బదులు పచ్చి స్పగెట్టీ పుల్ల వాడితే పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

ఫ్యాన్ గురించి కూడా ఒక మాట. ఒత్తేటప్పుడు ఫ్యాన్ వేస్తే పైన పొరకట్టి ఏనుగు చర్మంలా సన్నగా చిట్లుతుంది. ఆపితే అరచేతుల చెమట ముద్దకి పడుతుంది. ఐసింగ్ షుగర్ చల్లుకుంటూ ఒత్తితే అది తేమని పీల్చి ఇంకా అంటుకుంటుంది. మన దగ్గర కార్న్‌ఫ్లోర్ చల్లుకోవడమే మేలు, ఎక్కువైతే ఎండి పగులుతుంది కాబట్టి పల్చటి గుడ్డలో మూటకట్టి అద్దుకోవాలి.

## రంగులు, మెరుపు పొడులు

సీసాలో నీళ్లలా ఉండే రంగు ఫాండెంట్‌ని జావ చేస్తుంది, జెల్ రంగే వాడాలి. ఎరుపు, నలుపు ముదురుగా రావాలంటే చాలా రంగు పడుతుంది, అదే చెమటలో కారి పక్క భాగాలకి పాకుతుంది. రంగు కలిపిన ముద్దని రాత్రంతా ఉంచితే తనంతట తానే ముదురుతుంది, అందుకని మొదటే ఎక్కువ పోయనక్కర్లేదు. మన దేశంలో ఆహారంలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే, వాటికీ మోతాదు హద్దులున్నాయి. 2024లో పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల రంగు దొరికి తమిళనాడు, కర్ణాటకల్లో నిషేధాలు వచ్చాయి. విడిగా పొట్లాల్లో అమ్మే పేరులేని రంగుని పిల్లల కేక్‌లో కలపొద్దని గట్టిగా చెబుతున్నాను.

మెరుపు పొడుల మీద ఉండే "నాన్-టాక్సిక్" అన్న మాటకి "తినొచ్చు" అని అర్థం కాదు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పుట్టినరోజు కేక్ తిన్న పిల్లలకి వాంతులు, విరేచనాలయ్యాయి. పైన వేసిన రోజ్ గోల్డ్ పొడిలో రాగి ఎక్కువగా ఉందని తేలింది. తినే పొడి అయితే డబ్బా మీద తినదగినదని రాసి ఉంటుంది, అందులో ఏమేం కలిపారో వరసగా ఉంటుంది. ఆ వరస లేని డబ్బా అలంకారానికే, నోటికి కాదు.

## ఇంతా చేసి, ఎవరైనా తింటారా?

ఫాండెంట్ ఒట్టి తీపి అని, ఒలిచి పక్కన పెట్టేదానికి ఇంత శ్రమ దేనికని అనేవాళ్లున్నారు. అందుకే కేక్ అంతా క్రీమ్‌తోనో గనాష్‌తోనో పూసి, బొమ్మ ఒక్కటే ఫాండెంట్‌తో చేసి నిలబెట్టే పద్ధతి ఈమధ్య పెరిగింది. దీనివల్ల చక్కెర తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, బొమ్మకి చెమట పట్టినా కేక్ అంతా కారదు. క్రీమ్ కేక్ అయితే ఎండిన బొమ్మని కోసే ముందే పెట్టాలి, ముందురోజు పెడితే కాళ్లు కరుగుతాయి. అయితే గిత్త ఒళ్లులాంటి నునుపు, ఒకే తెలుపు, ఆ మడతలు క్రీమ్‌తో రావు. ఆకారమే కేక్ అయినప్పుడు ఫాండెంట్‌కి సాటి వచ్చేది దొరకదు.

పోయినేడు మూడో పుట్టినరోజుకి వాడు మళ్లీ గిత్తే అడిగాడు. ఈసారి మూడుకి ఒకటి గనాష్, 3 మిల్లీమీటర్ల ఫాండెంట్, వారం ముందే ఎండిన కొమ్ములు. ఫ్రిజ్‌లో పెట్టలేదు. కేక్ ఏసీ బెడ్‌రూమ్‌లోనే ఉంచి, మేడ మీద కాకుండా అక్కడే కోయించాం, పదిమంది పిల్లకాయలు మంచం మీద ఎక్కి నిలబడ్డారు. గిత్త ఒంటి మీద చుక్క నీరు లేదు. వాడు మూపురం ముక్క తనకే కావాలని పట్టుబట్టి, పైన తెల్ల తోలు నీటుగా ఒలిచి పళ్లెం అంచున పెట్టి, లోపలి చాక్లెట్ ఉండ మొత్తం తిన్నాడు. కొమ్ములు రెండూ గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయాడు.